నాయిన అలక

"చిన్నప్పుడు మీకు ఎప్పుడైనా కీళ్ల జ్వరం వచ్చిందా అమ్మా?" అని అడిగాడు డాక్టరు.

ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రి. నా ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసి, తెర మీద నా గుండెను చూస్తున్నాడు. నా చిన్నకొడుకు కంటే చిన్నవాడు. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట. అది ఇవాళ్టి జబ్బు కాదట. ఎప్పుడో చిన్నతనంలో వచ్చిన జ్వరం అక్కడ తన గుర్తు పెట్టి పోయిందట. ఆపరేషన్ చెయ్యాలి, భయం లేదు అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అడిగాడు, "గుర్తుందా?"

నిన్న ఏం కూర తిన్నానో నాకు గుర్తుండదు. ఆ వానాకాలం మాత్రం వాసనలతో సహా గుర్తుంది. అదంతా చెప్పడం మొదలుపెడితే బయట టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు నన్ను తిట్టుకుంటారు. "వచ్చింది బాబూ" అని మాత్రం చెప్పి, జెల్లీ తుడుచుకుని లేచాను.

మా ఇల్లు సరూర్‌నగర్‌లో, చెరువుకు కూతవేటు దూరంలో ఉండేది. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పట్లా కోచింగ్ సెంటర్ల బోర్డులు, చీరల కొట్లు కాదు. బస్సు దిగితే మట్టిరోడ్డు, రోడ్డు పక్కన నాలుగు కొట్లు, వాటి వెనక పొలాలు. ఎల్బీనగర్ వైపు నడిస్తే ద్రాక్షతోటలు. కాపు మీదున్నప్పుడు గాలి ఇటు తిరిగితే మా వాకిట్లో కూడా తియ్యటి పులుపు వాసన వచ్చేది. ఇప్పుడు ఆ తోటల మీదుగానే మెట్రో పోతోంది. నేను అందులో కూర్చున్నప్పుడల్లా కిటికీలోంచి ఆ తోటలు ఎక్కడుండేవో వెతుక్కుంటాను. పక్కసీటువాళ్లకు ఈ ముసలమ్మ ఏం పారేసుకుందో అర్థం కాదు.

నాయిన దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టేవాడు. మేము ముసల్మానులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మ, నాయిన అనే పిలిచేవాళ్లం. నాయినమ్మను మాత్రం దాదీ అనాలి. ఆమె సైదాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఆ పిలుపు దగ్గర రాజీ పడలేదు. పొద్దున్నే నాయిన విల్లు తీగను కొయ్యదిమ్మతో కొడుతుంటే టంగు టంగుమని మోగేది. ఇల్లంతా దూది ఎగిరేది. అన్నంలో దూది, నీళ్లలో దూది, దాదీ కనుబొమల మీద దూది. ఊళ్లోవాళ్లు పాత పరుపులు విప్పి మళ్లీ ఏకించుకోవడానికి తెచ్చేవాళ్లు. ఒక్కో పరుపులో ఒక్కో ఇంటి వాసన ఉండేది. ఆముదం, సాంబ్రాణి, పసిపిల్లల ఉచ్చ. కళ్లు మూసుకుని వాసన చూసి ఎవరి పరుపో చెప్పడం నాకూ నా స్నేహితురాళ్లకూ పెద్ద ఆట. నేనెప్పుడూ ఓడిపోలేదు. ముక్కు విషయంలో నేను ఇప్పటికీ ఎవరికీ తీసిపోను.

వానలు పట్టుకున్న కొత్తలో ముందు గొంతు నొప్పి వచ్చింది. అది తగ్గిందనుకున్నాక జ్వరం వచ్చింది, మోకాళ్లు వాచాయి. ఆ నొప్పికి ఒకచోట కుదురు లేదు. ఇవాళ మోకాలు, రేపు చీలమండ, ఆ మర్నాడు మణికట్టు. కిరాయి ఇళ్లు మారినట్టు మారేది. దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. నాయిన నన్ను భుజాన వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. జ్వరం గుండెకు పట్టిందనీ, పిల్ల మంచం దిగకూడదనీ, సూదులు మాననే కూడదనీ చెప్పాడు. నాయిన నన్ను మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఆయన మెడ దగ్గర నా ముఖం పెట్టుకుని వచ్చాను కాబట్టి ఆ మెడ నరం ఎంత గట్టిగా కొట్టుకుందో నాకు తెలుసు.

వసారాలో నులకమంచం వేశారు. కింద నాయిన కొత్త దూదితో ప్రత్యేకంగా కుట్టిన మెత్తటి పరుపు. మా ఇంట్లో ఎవరికీ అంత మంచి పరుపు ఉండేది కాదు, కుమ్మరివాడి ఇంట్లో పగిలిన కుండ అన్నట్టు మేమంతా పాత బొంతల మీదే పడుకునేవాళ్లం. పథ్యం సగ్గుబియ్యం జావ, పెసరకట్టు. చింతపండు ముట్టుకోకూడదు. పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన టీచరమ్మ వాళ్లు కిరాయికి ఉండేవాళ్లు. ఆమె గోంగూర పచ్చడి నూరిన రోజున ఆ పోపు వాసన గోడ దాటి వచ్చేది. నేను జావగిన్నె ముందు పెట్టుకుని ఆ వాసన నంజుకుని తాగేదాన్ని.

ఒకరోజు అమ్మ నా నుదురు పట్టి చూసి, "ఈ పాడు జ్వరం నా పిల్లని ఇడ్సిపెట్టదాయె" అంది.

దాదీ తస్బీ పూసలు తిప్పడం ఆపింది. "జ్వరాన్ని తిట్టొద్దు. గది పని మీద ఒచ్చింది. కొలిమిల పెడితె ఇనుము మీది తుప్పు రాలిపోతది సూడు, గట్ల మనిషి మీది పాపాలు రాలగొట్టి పోతది. కాల్ల ముల్లు గుచ్చుకున్నా ఊకె పోదంట. దానికి సుత లెక్క ఉంటదంట."

"మీకేంది అత్తమ్మా, నొచ్చేది దానికి గద" అంది అమ్మ. అయితే ఆ మాట దాదీతో అనలేదు, పొయ్యితో అంది. మా అమ్మ తన కష్టాలన్నీ పొయ్యితోనే చెప్పుకునేది.

అలాగని దాదీ మందులకు అడ్డు చెప్పే మనిషి కాదు. సూది రోజు వస్తే నేను ఏడ్చి గోల చేసేదాన్ని. "మందిచ్చినోడు సుత ఆయననే. మందొద్దనుడు అల్లాతోటి ఎచ్చులు పోవుడు" అని నా రెండు కాళ్లూ అదిమి పట్టుకునేది. కాంపౌండరు గాజు సిరంజి మరిగించిన నీళ్లలోంచి తీసి, దూదికి స్పిరిట్ అద్ది రాసేవాడు. ఆ దూది మా ఇంటిదే. సూదిని తిట్టకూడదని దాదీ చెప్పలేదు కాబట్టి సూదిని మాత్రం నోరారా తిట్టుకునేదాన్ని.

జ్వరం గురించి ఊరంతా తెలిశాక నా జీవితంలో అతి గొప్ప రోజులు మొదలయ్యాయి. నవ్వులాటకు చెప్పడం లేదు. మాలో ఒక పద్ధతి ఉంది. జబ్బుపడినవాళ్లను చూడబోయినప్పుడు వాళ్లకోసం దువా చెయ్యడం ఒక్కటే కాదు, మనకోసం దువా చెయ్యమని వాళ్లను అడుక్కోవాలి. మంచంలో ఉన్నవాళ్ల మాట పైన తొందరగా వింటారని నమ్మకం. "బీమారోల్ల దువా, ఫరిష్తాల దువా ఒకటే" అనేది దాదీ. ఫరిష్తాలంటే దేవదూతలు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాట చెప్పి, "అడగకుండ పోవద్దు, పిల్లని అడుగుండ్రి" అని నా మంచం వైపు తోసేది.

ముందు వచ్చింది గల్లీ చివర దర్జీ చాచా. నేను ఎదురుపడితే ఏనాడూ తలెత్తి చూడని మనిషి. మంచం పట్టె మీద కూర్చుని, వంగి, నా చెవి దగ్గర, "సూదిల దారం ఎక్కుతలేదు బిడ్డా. ఇంక కొన్నేండ్లు కండ్లు ఆగాలని అడుగు" అన్నాడు. అంత పెద్ద మనిషి నన్ను అడుగుతుంటే నాకు నొప్పి మర్చిపోయినంత పనయింది. తర్వాత పాలు పోసే ఆమె వచ్చింది. ఆమెది హిందువుల ఇల్లు. దేవుడు ఎవరైతే ఏంది, పిల్ల నోరు మంచిదైతే చాలు అని, చూలు మీదున్న తన బర్రెకు పెయ్యదూడ పుట్టాలని అడగమంది. టీచరమ్మ మాత్రం రెండు మూడు రోజులు గడప దగ్గరే తచ్చాడింది.

"మీ పద్ధతి మాకు చెల్లుతుందా అండీ?" అని దాదీని అడిగింది.

"ఎందుకు చెల్లది? జ్వరం ఏమన్న మీ వాడకట్టు, మా వాడకట్టు సూసి ఒస్తదా?" అంది దాదీ.

టీచరమ్మ నా పక్కన కూర్చుని, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, "మా ఆయనకి ట్రాన్స్‌ఫర్ వస్తుందంటున్నారమ్మా. ఈ ఊరు నాకు అలవాటైపోయింది. రాకూడదని చెప్పవా?" అంది. ఆ తర్వాత కర్మన్‌ఘాట్ హనుమంతుడి సింధూరం పొట్లం ఒకటి నా దిండు కింద పెట్టింది. తీసెయ్యమని దాదీ అనలేదు.

ఎవరు ఏం అడిగారో ఎవరికీ చెప్పకూడదని దాదీ కట్టడి చేసింది. "నీ చెవుల ఏసిపోయింది అమానత్. వాల్లు దాసుకొమ్మని ఇచ్చిండ్రు, నువ్వు దాసాలె." నేను దాచాను. ఇన్నేళ్లకు ఇప్పుడు చెబుతున్నాను, ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. అయితే నేను పరమ పవిత్రంగా ఆ పని చేశానని అనుకోకండి. దర్జీ చాచా దగ్గర బొమ్మకు రంగురంగుల గుడ్డముక్కలు రాబట్టాను. బర్రెకు చివరికి దున్నపోతు దూడ పుట్టింది. పాలామె నా మీదికి వచ్చి, "నువ్వు సరిగ్గ అడిగినట్టు లేవు" అంది. నిజమే, ఆ పూట టీచరమ్మ దొంగచాటుగా వేలికి రాసి ఇచ్చిన గోంగూర నాకుతూ బర్రె సంగతి మర్చిపోయాను. టీచరమ్మ భర్తకు మాత్రం ట్రాన్స్‌ఫర్ రాలేదు. దాంతో నా పేరు కాస్త నిలబడింది.

ఒక ఇబ్బంది ఉండేది. దువా చెయ్యాలంటే రెండు చేతులూ ఎత్తి, అరచేతులు పైకి పెట్టాలి. నా మోచేతులు, మణికట్లు వాచి ఉండేవి, జానెడు ఎత్తు కూడా లేచేవి కావు. అందుకని దాదీ నా పక్కన కూర్చుని, తన చేతులు నా చేతుల కింద పెట్టి, మెల్లగా పైకి లేపి పట్టుకునేది. ఆమె చేతుల్లో తమలపాకు, కాచు వాసన. నేను మనసులో అడిగేది అడిగి "అయిపోయింది" అంటే దించేది.

అందరూ అడిగారు గానీ నాయిన మాత్రం అడగలేదు. మంచం దగ్గరికి వచ్చేవాడు, కాళ్లు చూసేవాడు, పోయేవాడు.

మా గల్లీ మసీదు దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. పొద్దు గూకాక మగ్రిబ్ నమాజు అయ్యే వేళకు గుమ్మం బయట ఆడవాళ్లు వరుసగా నిలబడతారు. చంకలో జ్వరం పిల్లలు, చేతిలో నీళ్ల గ్లాసులు. బురఖా వేసుకున్నవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు అందరూ ఉంటారు. నమాజు చదివిన నోటితో బయటికి వచ్చే మగవాళ్లు ఒక్కొక్కరే ఆ పిల్లల మీద, నీళ్ల మీద ఊది పోతారు. నా ఒళ్లు కాస్త తేలికగా ఉన్న ఒక సాయంత్రం నాయిన నన్ను సైకిలు మీద తీసుకెళ్లి మసీదు అరుగు మీద కూర్చోబెట్టాడు. అమ్మ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. నాయిన లోపలికి వెళ్లాడు.

అందరికంటే ముందు బయటికి వచ్చింది నాయినే. లోపల ఇంకా ఇమాం సాబ్ దువా చేస్తూనే ఉన్నాడు, జనం ఆమీన్ అంటూనే ఉన్నారు. ముందుగా వచ్చినవాడు కదా అని, వరుసలో మొదట నిలబడ్డ ఒక పసిబిడ్డ తల్లి బిడ్డను నాయిన ముందుకు చాచింది. "అన్నా, జర ఊదు. మూడు దినాలాయె పాలు తాగుతలేడు."

నాయిన ఆ బిడ్డ ముఖం చూశాడు. తర్వాత, "నాకు రాదమ్మా. లోపట పెద్దోల్లు ఉన్నరు, ఒస్తరు" అని తలవంచుకుని చెప్పులు వేసుకున్నాడు.

నాయిన అబద్ధం ఆడాడని నాకు తెలుసు. ఊదేటప్పుడు చదివేది ఆయనకు రాకపోవడమేంటి, నాకే వచ్చు. ఇంటికొచ్చాక దాదీని అడిగాను. ఆమె నా జుట్టు నిమురుతూ చెప్పింది. నాకంటే ముందు నాకొక అన్న ఉండేవాడట. రెండేళ్లవాడు. జ్వరంతో పోయాడు. ఆ జ్వరం రోజుల్లో నాయిన మసీదులో అందరూ వెళ్లిపోయాక కూడా చేతులెత్తి అడుగుతూనే ఉండేవాడట. పిల్లవాణ్ణి మట్టి చేసి వచ్చిన రోజు నుంచి ఆయన నమాజు మానలేదు, రంజాన్ నెలలో రోజా ఉపవాసం మానలేదు. దువాకు చేతులెత్తడం మాత్రం మానేశాడు. జీతానికి పని చేసినట్టు నమాజు చదివి వచ్చేవాడు. అడిగేది ఏమీ లేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, వాన పడి వెలిసింది. నాయిన వసారా అవతల దాదీ పక్కన కూర్చుని పరుపులో దూది కూరుతున్నాడు. నేను నిద్రపోయాననుకున్నారు. మామూలుగా గొంతెత్తని మనిషి నాయిన, ఆ రోజు ఎత్తాడు.

"అందరికి చెప్తున్నవ్ గద అమ్మా, జ్వరం పాపాలు కడుగుతదని. తొమ్మిదేండ్ల పిల్లకు కడగనీకి ఏం పాపాలున్నయి? వానికేం ఉండె, రెండేండ్లోనికి?"

నేను కళ్లు మూసుకునే దాదీ జవాబు కోసం ఎదురుచూశాను. దాదీకి తెలియని సంగతి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నాకు తెల్వదు బిడ్డా" అంది చివరికి. "మౌల్వీసాబ్‌ని అడిగితె, పిల్లలకు పాపాలుండవు, తల్లిదండ్రుల దర్జా పెంచనీకి అంటడు. ఆయన సదువుకున్నడు, నిజమే అయ్యుంటది. నాకు గంత దూరం కానరాదు. తెల్వని కాడ ఓర్సుకునుడే సబర్ అనుకున్న."

"నాతోని అయితలేదు."

"అయితలేదని ఆయనతోనే చెప్పు. అయ్యూబ్ పైగంబర్ సుత ఒల్లంత పుండ్లయినంక, నాకు నొస్తుంది అనే చెప్పుకున్నడు. నొప్పి చెప్పుకునుడు తప్పు గాదు. నువ్వు చెప్పుకుంటలేవు. అలిగి కూసున్నవ్. ఇన్నేండ్ల సంది అలిగి కూసున్నవ్."

నాయిన విల్లు అందుకున్నాడు. ఆ పూట దూదిని ఎంత కొట్టాడంటే, ఇక ఏకడానికి ఏమీ లేకపోయినా కొడుతూనే ఉన్నాడు.

నేను మంచంలో పడుకుని ఆలోచించాను. పెద్దవాళ్ల మాటల్లో నాకు అర్థమైంది ఒక్కటే. నాయిన బాధంతా నాకు పాపాలు లేవని. పాపాలు లేని పిల్లకు జ్వరం అన్యాయంగా వచ్చిందని ఆయన అల్లా మీద అలిగాడు. ఇదెంత పని! నాకు పాపాలు కావలసినన్ని ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదంతే. చెబితే సరిపోతుంది. జ్వరం తన పని తాను సరిగ్గానే చేస్తోందని నాయినకు తెలిస్తే అలక తీరిపోతుంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మర్నాడు సాయంత్రం దాకా నా తప్పులన్నీ ఏరుకుని గుర్తుపెట్టుకున్నాను.

అసర్ నమాజు వేళ. దాదీ లోపల నమాజులో ఉంది. అమ్మ నీళ్లకు పోయింది. నాయిన కుంపటి దగ్గర దూది వేడి చేసి నా మోకాళ్లకు కాపడం పెడుతున్నాడు. వేడి దూదికి ఒక వాసన ఉంటుంది, ఎండలో ఆరిన బట్టకూ మాడబోయే రొట్టెకూ మధ్యలో.

"నాయినా, నాకున్నయి" అన్నాను.

"ఏమున్నయి?"

"పాపాలు."

ఆయన చెయ్యి ఆగింది.

"రెడ్డిసాబ్ తోటల ద్రాక్షలు తెంపిన. కావలాయన ఉరికిచ్చిండు కూడ. టీచరమ్మ ఎండబెట్టిన వడియాలు పచ్చియే తిన్న, కాకి తిన్నదని చెప్పిన. మొదటి రోజా అని మీరు మెడల పూలదండ ఏసిండ్రు గద, ఆ దినం నమాజుకు ముందు వజూకు చేతులు కడుగుతప్పుడు నోట్లె నీల్లు పోసుకొని మింగిన. మల్ల అందరు పైసలిస్తె తీసుకున్న. దాదీకి ఖురాన్ల సూరా ఒచ్చిందని చెప్పిన, ఇంక రాలే. పాలామె బర్రె సంగతి అడగలే." ఊపిరి అందక ఆగాను. "ఇంక శానున్నయి నాయినా, యాదికొస్తలేవు."

నాయిన తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనుకుని నేనూ నవ్వాను. అప్పుడు నా మోకాలి మీద వేడి దూది పక్కన ఒక చల్లటి చుక్క పడింది. నాయిన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నేను చెప్పినవి మరీ పెద్ద పాపాలేమోనని భయం వేసింది.

"అవు బిడ్డా" అన్నాడు. "శానున్నయి నీకు." చొక్కా చేతితో ముఖం తుడుచుకుని కుంపటి వైపు చూస్తూ అన్నాడు, "అందరికి దువా చేస్తున్నవంట. నాకు చెయ్యవా?"

"ఏమని చెయ్యాలె?"

"నీకేం తోస్తె గది."

"చేతులు లేస్తలేవు. దాదీ పట్టుకుంటది. ఆమెను రానీ."

నాయిన లోపలికి చూశాడు. దాదీ ఇంకా నేలకు నుదురు ఆనించి సజ్దాలో ఉంది. ఆయన నా చేతులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. తర్వాత మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన రెండు అరచేతులూ నా చేతుల కింద పెట్టి మెల్లగా పైకి లేపాడు. నొప్పి పుట్టలేదు. కాయలు కాసి గట్టిపడ్డ చేతులు అవి. గోళ్ల సందుల్లో దూదిపీచు.

నేను కళ్లు మూసుకుని, నాకు తెలిసిన తెలుగులో అడిగాను. నాయిన అలిగిండు. నువ్వే జర ముందుగాల పలకరియ్యి. అలిగినవాళ్లను ఎదుటివాళ్లే ముందు పలకరించాలి, మా ఇంట్లో అదే న్యాయం. అల్లా విషయంలో న్యాయం వేరేగా ఉంటుందని నాకు తోచలేదు.

"అయిపోయింది" అన్నాను. నాయిన నా చేతులు జాగ్రత్తగా పరుపు మీదికి దించాడు. నేను కళ్లు తెరిచి చూసేసరికి ఆయన చేతులు మళ్లీ పైకి లేచి ఉన్నాయి. ఖాళీగా, అరచేతులు పైకి. పెదవులు కదులుతున్నాయి. ఏం అడిగాడో నేను వినలేదు. అమ్మ బిందె దించిన చప్పుడు వినిపించేదాకా ఆయన అలాగే ఉన్నాడు.

ఆ సాయంత్రం మగ్రిబ్‌కు నన్ను మళ్లీ అరుగు మీద కూర్చోబెట్టి వెళ్లాడు. మొదట ఎవరో ముసలాయన బయటికి వచ్చాడు, తర్వాత దర్జీ చాచా వచ్చి నా మీద ఊదాడు, తర్వాత ఇంకెందరో. ఆడవాళ్ల వరుస పల్చబడింది. నాయిన రాలేదు. చెప్పులన్నీ పోయి ఆయన చెప్పులు మాత్రమే మిగిలినప్పుడు అమ్మ గ్లాసు కింద పెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. ఆయన వచ్చి ఏమీ జరగనట్టు గ్లాసు తీసుకుని, ఊది, నాకు తాగించాడు.

నేను కోలుకున్నాను. వానలు తగ్గేసరికి గోడ పట్టుకుని నడిచాను, చలికాలానికి బడికి పోయాను. నా చెవిలో మాట చెప్పడానికి ఎవరూ రావడం లేదని కొన్నాళ్లు చిన్నబుచ్చుకున్నాను. దర్జీ చాచా మళ్లీ తలెత్తి చూడటం మానేశాడు. దాదీ ఆ తర్వాత కొన్నేళ్లకు, జ్వరాన్ని ఒక్కమాట అనకుండా, జ్వరంలోనే పోయింది. నాయిన పోయేనాటికి పరుపులన్నీ కంపెనీవి వచ్చేశాయి. విల్లు చూరుకు వేలాడుతూ ఉండిపోయింది. చివరి రోజుల్లో ఆయన మంచం పట్టినప్పుడు నేను వెళ్లి కూర్చుని, "నాకు దువా చెయ్యి నాయినా" అని అడిగాను. చేతులు తానే ఎత్తాడు.

నాకు ఆ ఇల్లు కావాలి. ఆ వసారా, ఆ చెరువు గాలి, ఎవరికీ తలుపు వెయ్యని జబ్బు కావాలి. ఆపరేషన్ కోసం నన్ను చేర్చిన ఈ ఆసుపత్రిలో రోగి దగ్గరికి ఒక్కరికే పాసు. నా కొడుకులు వంతులు వేసుకుని వస్తారు, ఫోన్లో పువ్వుల బొమ్మలు వస్తాయి, త్వరగా కోలుకోవాలని అందరూ రాస్తారు. పిల్లల తప్పు కాదు, కాలం అలా ఉంది. అయినా ఇన్నిరోజుల్లో ఒక్కరు కూడా నన్ను ఏమీ అడగలేదు. నాకేదో ఇవ్వాలనే చూస్తారు గానీ, నా దగ్గర కూడా ఇవ్వడానికి ఒకటి ఉందని ఎవరికీ గుర్తు లేదు.

రేపు పొద్దున ఆపరేషన్. ఇవాళ సాయంత్రం నర్సు వచ్చింది. నల్గొండ దిక్కు పిల్ల, మాటలోనే తెలిసిపోతుంది. ముంజేతికి స్పిరిట్ దూదితో తుడిచి సూది పెట్టి, పట్టీ అతికించింది. "ఈ చెయ్యి ఎత్తకుండ్రి అమ్మా, సూది జరుగుతది" అంది.

"నీకేమన్న కావాల్నా బిడ్డా?" అన్నాను. "దువా చేస్త. మంచంల ఉన్నోల్ల మాట తొందరగ ఇంటరంట."

నవ్వింది. "నైట్ డ్యూటీలు తక్కువ ఎయ్యాలని అడుగుండ్రి." పట్టీ అంచులు వేలితో నొక్కుతూ నొక్కుతూ నవ్వు ఆపేసింది. "మా నాయిన నాతోని మాట్లాడతలేడమ్మా. ఒద్దన్నా ఇనకుండ ఈ కోర్సుకు ఒచ్చిన అని. ఫోన్ చేస్తె అమ్మకిస్తడు." తల ఎత్తకుండా అడిగింది, "మేము హిందువులం. నడుస్తదా?"

"నడుస్తది. కానీ చెయ్యి ఎత్తొద్దన్నవ్ గద."

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. తర్వాత తన రెండు అరచేతులూ నా చేతుల కింద పెట్టింది. "నేను పట్టుకుంట, సూది జరగకుండ" అని మెల్లగా పైకి లేపింది.

ఏం అడగాలో నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆమె చేతుల్లో స్పిరిట్ వాసన, దూది వాసన కలిసి ఉన్నాయి. కళ్లు మూసుకున్నాక దూది వాసన ఒక్కటే మిగిలింది.